నోట్లో గుండుసూదులు

మా కర్టెన్ల దుకాణానికి వెనక ఒక గది ఉంది. చాలాకాలం దాన్ని నేను ఖర్చు కిందే జమకట్టాను. అమ్ముడుపోని గుడ్డచుట్టలు, రంగు తప్పిన తానులు, ఏ కిటికీకీ సరిపోని రాడ్లు అన్నీ అక్కడికే చేరేవి. ఒకరోజు మా తమ్ముడి భార్య ఆ గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, కాసేపు ఊరికే నిలబడి బయటికొచ్చింది.

"బావగారూ, ఈ గది నాకిస్తారా?"

"ఏం చేసుకుంటావమ్మా? గాలి కూడా రాదు."

"గాలి రాని చోటికి చప్పుడూ రాదు కదండీ."

అప్పుడు నేనూ లోపలికి వెళ్ళి విన్నాను. నాలుగు గోడలకీ గుడ్డచుట్టలు నిలువునా ఆనించి ఉన్నాయి. వీధిలో లారీ వెళ్ళినా, పక్కన రేకులు కొట్టేవాడు సుత్తి ఎత్తినా ఆ గదిలో ఏమీ వినపడదు. ఇన్నాళ్ళూ ఖర్చనుకున్నది సరుకని తేలింది. సరుకని తేలాక ఊరికే ఇచ్చే అలవాటు నాకు లేదు. అద్దె అడుగుదామంటే ఆమె నాకు మరదలు. అందుకని బేరం వేరేగా కుదుర్చుకున్నాం. గది నాది, ల్యాప్‌టాప్ కంప్యూటరు ఆమెది. దుకాణం కంప్యూటరు అప్పటికే మూలన పడింది కాబట్టి, మా ఆర్డర్లన్నీ ఆమె కంప్యూటరులోకి వస్తాయి. ఆమె పని చేసుకున్నంతసేపూ చేసుకుంటుంది, మిగతా సమయం మాది. ఇద్దరికీ లాభమే. ఇలాంటి బేరాలే నాకిష్టం.

ఆమె పని సంగతి చెప్పాలి. నర్సుల కాలేజీలో చెవులు వినపడని అమ్మాయి ఒకతి చదువుతోంది. అక్కడ మాష్టారు పాఠం చెబుతుంటే ఆ గొంతు ఇక్కడ మా మరదలి చెవుల్లోకి వస్తుంది. ఆమె విన్నది విన్నట్టు టైపు చేస్తుంది. మాష్టారు ఊపిరి తీసుకున్న చోటల్లా ఎంటర్ కొడుతుంది. ఆ ముక్క వెళ్ళి ఆ అమ్మాయి ముందున్న తెరమీద పడుతుంది. మధ్యలో ఆగడాలు, వెనక్కి వెళ్ళి దిద్దుకోవడాలు ఆ పనిలో కుదరవు. మాష్టారుకి దగ్గొస్తేనే ఈమెకి తీరిక.

ఇంకో విశేషం ఉంది. ఆమె కళ్ళు మూసుకుని టైపు చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నిద్రపోతోందేమో అనుకున్నాను.

"తెర చూస్తే దిద్దాలనిపిస్తుందండీ," అంది. "దిద్దుతూ కూర్చుంటే మాష్టారు వెళ్ళిపోతారు. కళ్ళు మూసుకుంటే చెవినుంచి వేళ్ళకి తిన్నగా దారి ఉంటుంది."

సరే, ఎవరి వ్యాపారం కిటుకులు వాళ్ళవి. మా దుకాణంలో కుట్టేపని చేసే మేస్త్రీ ఉన్నాడు. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని పనిచేస్తాడు. సూదులు నోట్లో ఉన్నంతసేపూ ఎవరేం అడిగినా పలకడు. కొత్తగా వచ్చిన గిరాకీలు రెండుసార్లు అడిగి, ఆ సూదుల తలకాయలు చూసి, తమంతట తామే కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఒక్కొక్కసారి కుట్టే పని లేకపోయినా, మాట్లాడే ఓపిక లేనప్పుడు, ఒక్క సూది తీసి పెదాల మధ్య పెట్టుకోవడం నేను చూశాను. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పని బాగా చేసేవాడికి ఆ మాత్రం అలుసు ఇవ్వాలి.

ఇక మా ఆర్డర్ల సంగతి. గిరాకీ గుమ్మంలో నిలబడితే, రమ్మనేవాడు లేకపోతే పక్కకొట్టుకి పోతాడు. అందుకని ఎవరైనా మాకు మెసేజి పెట్టగానే తెరమీద మా మెసేజీల పెట్టె దానంతటదే తెరుచుకుని, అన్నిటికంటే ముందుకొచ్చి, జవాబు రాయడానికి సిద్ధంగా ఉండేటట్టు పెట్టించాను. దుకాణానికి అది చక్కటి ఏర్పాటు. ఒకే కంప్యూటరులో రెండు వ్యాపారాలు నడుస్తున్నప్పుడు ఏమవుతుందో ఆ లెక్క మాత్రం వెయ్యలేదు.

ఆ లెక్క రైల్వేస్టేషను దగ్గర లాడ్జి నడిపే పెద్దాయన వచ్చి చెప్పాడు.

ఆయన లాడ్జి మొత్తానికీ మా దగ్గరే కర్టెన్లు మాట్లాడుకున్నాడు. కొలతలు తీశాం, రంగు కుదిరింది. లైనింగు గుడ్డ ధరలో కలిసి ఉందా, విడిగా లెక్కా అన్నదొక్కటే తేలలేదు. కలిసి ఉందని ఆయన, విడిగా అని నేను. ఆ పొద్దున గుమ్మంలోకి వచ్చినవాడు వచ్చినట్టే నిలబడి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"షావుకారూ, నీకెవరు చెప్పారయ్యా?"

"ఏం చెప్పారన్నగారూ?"

"నా కిడ్నీల సంగతి."

కౌంటరు దగ్గర లేసు కొలుస్తున్న మా ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మేస్త్రీ సూదుల మీదుగా తల పైకెత్తాడు.

"ఇంట్లోవాళ్ళకే చెప్పలేదు నేను," అన్నాడాయన గొంతు తగ్గించి. "డాక్టరుకీ నాకూ తప్ప మూడోవాడికి తెలీదు. లైనింగు సంగతేం చేశావని అడిగితే, కిడ్నీలు ఎలా చెడిపోతాయో వరసబెట్టి రాసి పంపుతావా? ఇదేనా జవాబు?"

ఫోను తీసి నా మొహం ముందు పెట్టాడు. మా దుకాణం పేరు మీదే ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి.

'రక్తాన్ని వడగట్టే పని మూత్రపిండాలది.'

'ఆ వడపోత మందగించినా తొలిదశలో రోగికి తెలియదు.'

'అందుకే చాలామంది నిర్లక్ష్యం చేస్తారు.'

'ఇలాంటివారు ఆహారం విషయంలో ముఖ్యంగా గమనించవలసింది ఏమిటంటే,'

అక్కడితో ఆగింది. కామా కూడా ఉంది.

నాకు క్షణంలో అర్థమైంది. ఆయన మెసేజి పెట్టగానే మా పెట్టె తెరుచుకుంది. లోపల మా మరదలు కళ్ళు మూసుకుని ఉంది. కాలేజీకి పోవాల్సిన పాఠం లాడ్జికి పోయింది. అబద్ధం చెబితే ఇంకో పదింటితో దాన్ని మొయ్యాలి, అంత కూలి నాకు గిట్టదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన అంతా విన్నాడు. "కళ్ళు మూసుకుని టైపు చేస్తుందా?"

"అవునండీ."

"చెవిటి అమ్మాయి కోసం?"

"అవునండీ."

"నీ దుకాణం వెనకాల, గుడ్డల మధ్య కూచుని?"

"అవునన్నగారూ."

"షావుకారూ, నాకు లాడ్జి ఉంది. ఇంతకంటే మంచి కథలు చెప్పి గదులు తీసుకున్నవాళ్ళని చూశాను." ఫోను జేబులో వేసుకున్నాడు. "నా ఆర్డరు ఆపు. ఎవరు చెప్పారో కనుక్కుని అప్పుడు కబురుచెయ్యి."

ఆయన మెట్లు దిగడం, వెనకగది తలుపు తెరుచుకోవడం ఒకేసారి జరిగాయి. మా మరదలు బయటికొచ్చింది.

"కాలేజీ మేడమ్ ఫోను చేశారండీ. పాఠం మధ్యలో ఆ అమ్మాయి తెర ఆగిపోయిందట. ఆవిడ ఫోను చేసి ఆపేదాకా నేను టైపు చేస్తూనే ఉన్నాను. అటు ఏమీ వెళ్ళలేదు. అంతకుముందు కూడా రెండుమూడుసార్లు తెగిందటండీ, ఆ అమ్మాయి నామీద చెప్పలేక ఊరుకుందట. రేపు ఈ పాఠంలో మిగతా భాగం. రేపు కూడా తెగితే వేరేవాళ్ళని పెట్టుకుంటామన్నారు."

మా ఆవిడ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆమె ఏడ్చే రకం కాదు. వేళ్ళు మాత్రం ఒకదాన్ని ఒకటి నొక్కుకుంటున్నాయి.

సాయంత్రం మా తమ్ముడు పని ముగించుకుని వచ్చాడు. సంగతి విని, మంచి ఉద్దేశంతోనే, అనకూడని మాట అన్నాడు.

"పోనీ మానెయ్. ఇంత నలిగిపోవడం ఎందుకు?"

"ప్రెస్సు మూసేస్తే మానేశాను. ఆఫీసులో టైపు సెక్షను ఎత్తేస్తే మానేశాను," అందామె. "అవి పోయాయి కాబట్టి మానేశాను. ఇది పోలేదు. నా వేగం పనికొచ్చే చోటు ఇదొక్కటే మిగిలింది. ఆ అమ్మాయికి నేను కాకపోతే ఇంకొకరొస్తారు, నిజమే. నాకు ఇంకో పని రాదు."

అంతటితో నాకు లెక్క తేటగా కనిపించింది. రేపటి పాఠం ఎక్కడా తెగకుండా చివరిదాకా వెళ్ళాలి. మిగతావన్నీ దాని తర్వాతే, లాడ్జి ఆర్డరుతో సహా.

"రేపు కళ్ళు తెరుచుకుని టైపు చేస్తానండీ బావగారూ," అంది. "ఏదైనా అడ్డొస్తే కనిపిస్తుంది కదా."

చేసి చూడమన్నాను. మా ఆవిడని పేపరు చదవమన్నాం. మా ఆవిడ పేపరు చదివితే వార్తలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. మరదలు కళ్ళు తెరుచుకుని మొదలుపెట్టింది. రెండు వార్తలయ్యేసరికి వెనకబడింది, వెనకబడ్డానన్న కంగారులో తప్పులు కొట్టింది, తప్పులు దిద్దుతూ ఇంకా వెనకబడింది. కళ్ళు మూసుకోమన్నాను. మా ఆవిడ నోటికీ ఆమె వేళ్ళకీ మధ్య గుండుసూది పట్టే సందు లేదు.

"పద్ధతి మార్చుకోవాల్సింది నువ్వు కాదమ్మా," అన్నాను. "ఇలాగే ఉండు. అక్క చదువుతూ ఉంటుంది, నువ్వు కొడుతూ ఉండు. నేను తెర చూస్తాను."

కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. అంతవరకూ ఆ కంప్యూటరుని నేను నా ఆర్డర్ల కోసమే చూశాను. ఆ సాయంత్రం మొదటిసారి ఇంకొకరి పని వైపునుంచి చూశాను. కాసేపటికే తెర మూలన నోటిఫికేషన్లు వరస కట్టాయి. రేపు వాన పడొచ్చని ఒకడు. ప్రింటరులో సిరా అయిపోవస్తోందని ఇంకొకడు, ఆ ప్రింటరు మేం అమ్మేసి చాలారోజులైంది. పాత ఫొటోలు చూసి మురిసిపొమ్మని ఒకడు. ఎక్కడో ఎవరో పుట్టినరోజట, శుభాకాంక్షలు చెప్పమని ఒకడు. ప్రతివాడూ టింగుమని గంట కొట్టి మరీ వస్తున్నాడు.

నాకు నవ్వొచ్చింది. వీళ్ళు నాకు కొత్తవాళ్ళు కాదు. దుకాణం పెట్టకముందు నేను భుజాన తానులు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి గుడ్డ అమ్మాను. తలుపు సగం తెరుచుకోగానే లోపలికి కాలు పెట్టడం, అన్నం తినేవాళ్ళని లేపి గుడ్డ పరిచి చూపించడం, వద్దన్నవాళ్ళని ఒక్కసారి తాకి చూడమనడం అన్నీ చేశాను. వీళ్ళు చేస్తున్నదీ అదే. తెరమీద మూలలోంచి తొంగిచూసే ప్రతివాడూ నా లాంటి బేరగాడే. బేరగాణ్ణి ఎలా ఆపాలో ఇంకో బేరగాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

"ఆపమ్మా," అన్నాను. "మౌసు పట్టుకో. ఒక్కొక్కణ్ణీ పిలు, నేను మాట్లాడతాను."

నోటిఫికేషన్ల సెట్టింగ్స్ తెరిచింది. ఎవడెవడికి గంట కొట్టే హక్కుందో అక్కడ బారుగా ఉంది. ఎవరిచ్చారా హక్కు అంటే మనమేనట. ఎప్పుడో ఏదో పెట్టుకునేటప్పుడు సరే, సరే అని నొక్కుకుంటూ పోయాం. ప్రతివాణ్ణీ రెండే అడిగాను. నీకు ఇప్పుడే ఏం తొందర, రేపు చెబితే కొంపలేం మునుగుతాయి. వానవాడికి జవాబు లేదు, తీసెయ్. సిరావాడికి లేదు, తీసెయ్. ఫొటోలవాడు కాస్త బతిమాలాడు, నిజంగా ఆపమంటారా అని మళ్ళీ అడిగాడు. తీసెయ్యమన్నాను.

వీళ్ళలో రెండు రకాలున్నారని అప్పుడే కనిపెట్టాను. మూల నిలబడి అరిచేవాడు ఒకరకం. కళ్ళు మూసుకున్న మనిషిని వాడు చెడగొట్టలేడు, గంట తీసేస్తే చాలు. రెండోరకం తిన్నగా వచ్చి చేతిలో కలం లాక్కుంటాడు. వాడొచ్చాక నువ్వు ఏం కొట్టినా వాడి పెట్టెలోనే పడుతుంది. నా ఆర్డర్ల పెట్టె ఆ జాతిదే. ఇంకొకడున్నాడు, వాడు మరీ ఘటికుడు. కొత్త మార్పులు వచ్చాయి, కంప్యూటరు ఆపి మళ్ళీ మొదలుపెట్టనా అని నడిమధ్య నిలబడి అడుగుతాడు. 'సరే' అన్న బొత్తాం ముందే సిద్ధంగా ఉంటుంది. ఈమె మాష్టారు ఊపిరికి ఎంటర్ కొడితే సరే అన్నట్టే, కంప్యూటరు ఆగిపోతుంది. ఇది బేరం కాదు, బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించుకోవడం. వాణ్ణి దుకాణం సెలవురోజుకి రమ్మని గట్టిగా వాయిదా వేయించాను. వీటన్నిటి మీదా, తరగతి జరిగినంతసేపు ఎవరూ పలకరించకూడదన్న అమరిక ఒకటుంటే, అదీ పెట్టించాను.

మిగిలింది నా పెట్టె. నన్నడగకుండా దానిమీద చెయ్యి వెయ్యడం ఇష్టంలేక మరదలు మౌసు పట్టుకుని ఊరుకుంది.

"అది కూడా మూసెయ్," అన్నాను.

మా ఆవిడ పేపరు దించింది. "పొద్దున్నపూటే కదండీ గిరాకీ వచ్చేది. పలకకపోతే పక్కకొట్టుకి పోరూ?"

"మన మేస్త్రీ పలకడు. ఎవరైనా పోయారా?"

"ఆయన నోట్లో సూదులు కనబడతాయి కాబట్టి ఆగుతారు."

"మనమూ కనబడనిద్దాం."

ఆ పెట్టె తెరుచుకోకుండానే జవాబు వెళ్ళేటట్టు మరదలిచేత రాయించాను. 'నమస్కారం. ఇప్పుడు పనిలో ఉన్నాం, నోట్లో గుండుసూదులున్నాయి. మధ్యాహ్నం తీరిగ్గా మాట్లాడతాం.' మా ఆవిడ చదివి నవ్వాపుకోలేకపోయింది. నవ్వితే ఆగుతారు. అది నాకు తెలిసిన లెక్కే.

"మీకింత నమ్మకం ఏమిటండీ బావగారూ," అంది మరదలు.

"బతుకంతా తలుపులు కొట్టినవాణ్ణమ్మా. ఏ తలుపు తెరుచుకోదో నాకు తెలుసు."

తమ్ముణ్ణి వీధిలోకి పంపి మా దుకాణానికి వరసగా మెసేజీలు పెట్టమన్నాను. మా ఆవిడ పేపరు అందుకుంది, మరదలు కళ్ళు మూసుకుంది, నేను తెర చూశాను. ఒక్కడూ రాలేదు. పేపరు వెనకపేజీ దాకా ఎక్కడా తెగలేదు. తర్వాత పెట్టె తెరిస్తే వాడు పెట్టినవన్నీ బుద్ధిగా వరసలో కూర్చుని ఉన్నాయి. కర్టెను కావాలి, రింగు కావాలి, మా అన్నయ్య పిసినారి, మా అన్నయ్యకి బట్టతల. ఆ చివరి రెండూ మా ఆవిడే చదివి వినిపించింది.

మర్నాడు తరగతికి ముందు మా ఆవిడ నా మీద పడింది.

"అందర్నీ ఆపారు సరే. మిమ్మల్ని ఎవరాపుతారు?"

"నేనేం చేశాను?"

"ఈ దుకాణంలో అన్నిటికంటే పెద్ద గంట మీరే. చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నా మీ గొంతు గోడలోంచి దూరుతుంది."

అందులో అబద్ధం లేదు. పైగా నేను ఆ గదిలో ఉండాలి. అందరి నోళ్ళూ మూయించాక, నిజంగా చెప్పి తీరాల్సింది ఏదైనా వస్తే చెప్పడానికి ఒక్క మనిషైనా ఉండాలి కదా. తెర చూస్తూ కూర్చోవడం నా వంతు. నోరు మాత్రం నా మాట వినదు. మేస్త్రీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను.

"ఎన్ని కావాలండీ?" అన్నాడు.

"నా నోటికి సరిపడా."

"అంత సరుకు నా దగ్గర లేదండీ," అని కొన్ని తీసి ఇచ్చాడు. "తలకాయలు బయటికుండాలి. నవ్వకండి. తుమ్మొస్తే ముందు ఉమ్మేయండి."

పెదాల మధ్య సూదులు బిగించి మరదలి వెనక గుడ్డచుట్ట మీద కూర్చున్నాను. ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఏదో అనబోయి, మానేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పాఠం మొదలైంది.

మాట్లాడకుండా కూర్చుంటే ఎన్ని కనిపిస్తాయో అప్పుడు తెలిసింది. ఆమె చిటికెనవేలు ఎంటర్ మీదికి వెళ్ళే ముందు కొద్దిగా పైకి లేస్తుంది. మాష్టారు ఊపిరి అక్కడ కనబడుతుంది. తెరమీద వాక్యాలు తెగకుండా పడుతున్నాయి, అచ్చం మేస్త్రీ మిషను కింద కుట్టు పడినట్టు. మూలల్లో ఎవడూ లేడు. టింగు లేదు. బేరగాళ్ళంతా గుమ్మం అవతలే ఆగారు.

అప్పుడు తలుపు కొద్దిగా తోసి లాడ్జి ఆయన లోపలికి తొంగిచూశాడు. వెనకాల మా ఆవిడ రెండు చేతులూ ఊపుతోంది, ఆపలేకపోయానని. ఆయన పేచీకే వచ్చాడని మొహం చెబుతోంది. నేను నోట్లో సూదులు చూపించాను. తర్వాత మరదల్ని చూపించాను.

ఆయన చూశాడు. మూసుకున్న కళ్ళు, ఆగని వేళ్ళు, తెరమీద పడుతున్న అక్షరాలు. అడుగు చప్పుడు కాకుండా వచ్చి నా పక్క చుట్ట మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమేనన్నమాట," అన్నాడు గుసగుసగా.

నేనేం అనలేదు. అనే వీలు లేదు.

"నిన్న కాస్త మాట తూలాననుకో." నావైపు చూశాడు. నేను తెర చూస్తున్నాను. "కోపమొచ్చిందా? సరేలే, ఆర్డరు ఆపొద్దు. కుట్టించెయ్." నేను ఇంకా తెర చూస్తున్నాను. "లైనింగు సంగతే కదా నీ పట్టు. సగం నేను పెట్టుకుంటాను." పాఠం సాగుతోంది. "ఏమయ్యా, పలకవేం? సరే, మొత్తం విడిగానే వేసుకో. ఇంత మొండివాడివనుకోలేదు."

నా వ్యాపారంలో ఇంత తేలిగ్గా కుదిరిన బేరం ఇంకోటి లేదు. లోపల్లోపల దాని లాభం లెక్క వేసుకుంటున్నాను. అంటే ఆ కాసేపూ నా కళ్ళు తెరమీద ఉన్నా ధ్యాస తెరమీద లేదు.

ఆయన ధ్యాస మాత్రం అక్కడే ఉంది. ముందుకి వంగి చదువుతున్నాడు. ఎందుకో నేనూ చూశాను. మాష్టారు నిన్న తెగిన చోటికి తిరిగి వెళ్ళారు.

'నిన్న ఒక విద్యార్థినికి ఈ భాగం అందలేదు కాబట్టి మళ్ళీ చెబుతున్నాను.'

'ఇలాంటివారు ఆహారం విషయంలో ముఖ్యంగా గమనించవలసింది ఏమిటంటే,'

ఆయన ఊపిరి బిగబట్టాడు.

'అందరికీ ఒకే నియమం పనికిరాదు.'

'ఎవరికి ఏది ఎంత తగ్గించాలో పరీక్షలు చూసి డాక్టరే చెప్పాలి.'

'ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా రోగి ఒక్కడే ఇది పాటించడం చాలా కష్టం.'

'కాబట్టి మీరు రోగితో పాటు ఇంట్లో వంట చేసేవారితో కూడా మాట్లాడండి.'

ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నిన్నటి కామా దగ్గర ఆయన కూడా ఆగిపోయి ఉన్నాడని నాకప్పుడు అర్థమైంది. ఈ పొద్దున వచ్చింది పేచీకీ కాదు, లైనింగుకీ కాదు. ఆ వాక్యంలో మిగతా ముక్క కోసం వచ్చాడు.

ఆ తర్వాత కూడా ఆయన చదవడం ఆపలేదు. అందుకే ముందు చూసింది ఆయనే. మోచేత్తో నా డొక్కలో పొడిచి, తెర కింద మూల చూపించాడు. అక్కడ చిన్న బ్యాటరీ బొమ్మ ఎర్రగా ఉంది.

మామూలు రోజైతే దాని గురించి కూడా గంట మోగేది. ఇప్పుడు మోగదు, మేమే ఆపాం. ఛార్జింగు వైరు పట్టుకుని వెళ్ళాను. టేబులు కింద ఉంది, చుట్టల వెనక ఉంది, తలుపు సందులోంచి దుకాణంలోకి వెళ్ళి, మేస్త్రీ బల్ల పక్కన నేలమీద ఊరికే పడి ఉంది. అది ఉండాల్సిన ప్లగ్గులో ఇస్త్రీపెట్టె ఉంది. మేస్త్రీ కర్టెను అంచు మడతలు ఇస్త్రీ చేస్తున్నాడు.

ఇస్త్రీపెట్టె పీకమని చేత్తో చెప్పాను. ఆయన నోట్లోనూ సూదులే. మడత చూపించి, ఈ ఒక్కటీ అన్నట్టు వేలు ఎత్తాడు. నేను వైరు కొస ఎత్తి ఆయన మొహం ముందు ఊపాను. ఆయన గుడ్డ ఎత్తి నా మొహం ముందు ఊపాడు. రెండు నోళ్ళలో సూదులు, ఒక్క మాట లేదు, ఇద్దరికీ కోపం. కౌంటరు దగ్గర ఒక గిరాకీ మా ఆవిణ్ణి అడుగుతోంది, ఈ దుకాణంలో మగవాళ్ళెవరికీ మాటలు రావా అని.

"ఇవాళే వచ్చిందమ్మా ఈ అదృష్టం," అంది మా ఆవిడ, వచ్చి ఇస్త్రీపెట్టె తనే పీకి, వైరు గుచ్చి వెళ్ళిపోయింది.

పరుగెత్తి లోపలికి వెళ్ళాను. తెర వెలుగుతూనే ఉంది. ఎర్రబొమ్మ పక్కన చిన్న మెరుపు గుర్తు వచ్చింది. లాడ్జి ఆయన బొటనవేలు పైకెత్తి చూపించాడు. మరదలి వేళ్ళు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఆమెకి ఇవేవీ తెలియవు. తెలియకపోవడమే మా లాభం.

మాష్టారు ముగించారు. చివరి ఎంటర్ కొట్టి, ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, అలాగే కూర్చుంది. కళ్ళు తెరవడానికి భయపడుతోందని వెనకనుంచి కూడా తెలిసింది. అప్పుడు అటువైపునుంచి ఒక వాక్యం వచ్చి పడింది, ఆ అమ్మాయి రాసింది.

'ఇవాళ ఒక్క మాటా తెగలేదు. రేపు కూడా మీరే వస్తారు కదా?'

ఆమె ఇంకా కళ్ళు తెరవలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు. లాడ్జి ఆయనే అందుకున్నాడు.

"కళ్ళు తెరువమ్మా. నిన్నేదో అడుగుతోంది ఆ పిల్ల. ముందు జవాబు రాయి."

ఉలిక్కిపడి తిరిగి చూసింది. ఎవరో తెలియని పెద్దమనిషి, పక్కన నోటినిండా సూదులతో నేను. తర్వాత తెరవైపు తిరిగింది. చదివింది, మళ్ళీ చదివింది. ఈసారి కళ్ళు తెరుచుకునే టైపు చేసింది, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ. 'వస్తాను.'

మధ్యాహ్నం మేడమ్ ఫోను చేసింది. చదువు పూర్తయ్యేదాకా ఆ తరగతులన్నీ ఈమెకే అంది. తమ్ముడికి ఫోనులో ఆ మాట చెబుతూ ఈమె గది గుమ్మంలో నిలబడి నవ్వడం నేను కౌంటరు దగ్గరనుంచి చూశాను.

పెట్టె తెరిచాను. పొద్దుటినుంచి ఆగిన గిరాకీలంతా వరసలో ఉన్నారు. ఒక్కరు మాత్రం పోయారు, ఒకే ఒక రింగు అడిగినాయన. మిగిలినవాళ్ళలో కొందరు సూదులు తీశారా అని అడిగారు. ఒకావిడ, జాగ్రత్త, తీశాకే భోంచెయ్యండి అని రాసింది. తలుపు తెరవకపోతే గిరాకీ పోతుందని ఇన్నాళ్ళూ అనుకున్న నా లెక్కని ఆ పూటే దిద్దుకున్నాను. వెంటనే పలికేవాడికంటే, పలుకుతానన్న వేళకి పలికేవాడి దగ్గరే గిరాకీ నిలుస్తుంది.

లాడ్జి ఆయన మాత్రం ఇంకా వెళ్ళలేదు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ, ఇంటికి ఫోను చేసి, సాయంత్రం ఒక మాట మాట్లాడాలి, ఇంట్లోనే ఉండు అని భార్యకి చెప్పాడు. ఫోను పెట్టేశాక కాస్త తేలికపడ్డట్టు కనిపించాడు. తేలికపడ్డ మనిషికి బేరం గుర్తొస్తుంది.

"షావుకారూ," అన్నాడు గ్లాసు కింద పెడుతూ. "ఇందాక ఏదో కంగారులో అనేశాను. మరి ఆ లైనింగు సంగతి..."

కాలరుకి గుచ్చుకున్న సూదుల్లోంచి ఒకటి తీసి పెదాల మధ్య పెట్టుకున్నాను.